గేమ్స్ పూర్తిగా బందు పెట్టాల్నా, వద్దా? ఫోన్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్ ఎంతవరకు అక్కరకొస్తది

పోలేపల్లి సెజ్‌లో బీ షిఫ్టు దిగి జడ్చర్ల బస్సు ఎక్కినోళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో రాత్రి డ్యూటీ చేసేటోళ్లు, కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్ప కాడ తమ వంతు కోసం కావలి పండుకునేటోళ్లు, పాలమూరు లైబ్రరీల్లో గ్రూప్స్‌కు చదివేటోళ్లు. వీళ్లలో ఫోన్‌లో గేమ్స్ ఆడేటోళ్లు తక్కువేం లేరు. ముప్పై దాటి, పెళ్లయి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నంక ఒక ప్రశ్న తప్పకుండా వస్తది. ఈ గేమ్స్‌ను పూర్తిగా ఇడిసిపెట్టాల్నా, తగ్గిస్తే చాల్నా? అడిగిన ప్రతి ఒక్కరికీ వచ్చే సలహా ఒకటే: "ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంది కదా, టైమర్ పెట్టుకో." ఈ రివ్యూ ఆ సలహా మీదనే. ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నరో లెక్క చెప్పే ఈ ఏర్పాటును గూగుల్ 2018లో ఆండ్రాయిడ్ 9తో తెచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే వేసి వస్తది, పైసా ఖర్చు లేదు. ఒక్క ముక్కలో మా తీర్పు: ఇది మంచి కాంటా. ఎంత తూగుతున్నదో కచ్చితంగా చెప్తది, అంతకు మించి ఏమీ ఆపలేదు. కాంటాగా వాడుకుంటే నిర్ణయం సులువైతది. ఇదే ఆపుతదని నమ్ముకుంటే వారంలోనే పక్కకు పోతది.

ముందు తూకం సంగతి. సెట్టింగ్స్ తెరిచి కిందికి పోతే డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్ అని కనిపిస్తది. కంపెనీని బట్టి జాగా మారుతది కాబట్టి దొరకకుంటే సెట్టింగ్స్ పైనున్న వెతికే గడిలో వెల్‌బీయింగ్ అని కొట్టండి. లోపల డ్యాష్‌బోర్డ్ ఉంటది. అందులో ఒక్కో యాప్‌కు మూడు లెక్కలు దొరుకుతయి: ఎంతసేపు తెరిచి ఉంచిండ్రు, ఎన్నిసార్లు తెరిచిండ్రు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చినయి. గేమ్ పేరు మీద నొక్కి రోజువారీ కాకుండా గంటలవారీ ఎంచుకుంటే ఏ పొద్దు ఎన్ని నిమిషాలు పోయినయో గీతల్లో కనిపిస్తది.

రెండు వారాలు ఏ టైమర్ పెట్టకుండా ఊరికే లెక్క చూడాలె. చానామంది ఇక్కడే తొందరపడతరు. మొదటి రోజే టైమర్ పెడితే వచ్చే లెక్క అసలు అలవాటుది కాదు, టైమర్‌కు భయపడి తగ్గించిన లెక్క. దాని మీద నిర్ణయం తీసుకుంటే తప్పైతది. ఒక్క వారం ఎందుకు సరిపోదంటే, షిఫ్టులు వారానికోసారి మారేటోళ్లకు ఒక వారం లెక్క ఇంకో వారానికి కలవదు. వడ్ల సీజన్‌లో కేంద్రం కాడ ఉన్న రోజుల లెక్క, ఇంటికాడ ఉన్న రోజుల లెక్క కూడా వేరే. ఆ రోజులను విడిగా రాసుకోవాలె. కుప్ప కాడ లారీ కోసం కూసున్నప్పుడు ఆడిన మూడు గంటలు, పిల్ల హోంవర్క్ చేయించే వేళ ఆడిన నలభై నిమిషాలు ఒకటి కావు. మొదటిది ఖాళీ సమయం, రెండోది ఇంకొకరి సమయం.

మొత్తం గంటల కన్నా ఎన్నిసార్లు తెరిచిండ్రో చూడటం ముఖ్యం. రోజుకు రెండుసార్లు తెరిచి ఎనభై నిమిషాలు ఆడే మనిషి అనుకుని ఆడుతుండు. పాతికసార్లు తెరిచి అదే ఎనభై నిమిషాలు ఆడే మనిషి చెయ్యి తనకు తెలువకుండనే గేమ్ మీదికి పోతున్నది. రెండో మనిషికి టైమర్ కన్నా నోటిఫికేషన్లు బందు చేసుడు ఎక్కువ పనిచేస్తది, ఎందుకంటే ఎనర్జీ నిండింది, బహుమతి వచ్చింది, క్లాన్ (ఆటలోని జట్టు) పిలుస్తున్నదని గేమే పిలుస్తుంటది. ఇగ చూడాల్సిన ఇంకో లెక్క రాత్రి 11 తర్వాత ఆడిన నిమిషాలు. ఇవి నిద్రలోంచే పోతయి.

ఈ డ్యాష్‌బోర్డ్‌కు అందని ఆట కూడా ఉంటది. ఇది ఆ ఒక్క ఫోన్ లెక్కే చెప్తది. టీవీకి తగిలించిన ప్లేస్టేషన్, ఇంట్లో ఉన్న కంప్యూటర్ దీనికి కనిపించవు. కంప్యూటర్‌లో స్టీమ్ అనే యాప్ ద్వారా ఆడేటోళ్లు తమ ప్రొఫైల్ తెరిస్తే గడిచిన రెండు వారాల్లో ఎన్ని గంటలు ఆడిండ్రో అదే చూపిస్తది. ప్లేస్టేషన్ 5లో కూడా ప్రొఫైల్‌లోని గేమ్స్ కింద ఒక్కో గేమ్‌కు గంటలు పడి ఉంటయి. బ్రౌజర్‌లో ఆడే చిన్న గేమ్స్ క్రోమ్ లెక్కలో కలిసిపోతయి. అన్నిటికన్నా పెద్ద మోసం యూట్యూబ్. గేమ్‌కు టైమర్ పెట్టినంక అదే గేమ్‌ను ఇంకొకరు ఆడుతుంటే చూసుడు మొదలైతది, గేమ్ లెక్క తగ్గినట్టు కనిపిస్తది. అందుకే రెండింటినీ కలిపి రాయాలె. సెకండ్ స్పేస్ (ఒకే ఫోన్‌లో రెండో వేరే ఖాతా) ఉన్న ఫోన్లలో అటుపక్క వేసుకున్న గేమ్ ఇటుపక్క లెక్కకు రాదు.

రెండు వారాల అంకె చేతికొచ్చినంక ఎంత దాటితే ప్రమాదమని అడుగుతరు. గంటల్లో చెప్పే హద్దు ఏదీ లేదు. బీజీఎంఐ (పబ్జీకి ఇండియా రూపం) నిషేధం తర్వాత 2023 మేలో తిరిగొచ్చినప్పుడు 18 దాటినోళ్లకు రోజుకు 6 గంటలు, లోపలోళ్లకు 3 గంటలు అని హద్దు పెట్టింది. ఆ 6 గంటలను చూసి నాలుగు గంటలు ఆడితే ఏం కాదనుకునేటోళ్లు ఉన్నరు. కొలువు, సంసారం ఉన్న మనిషికి రోజుకు నాలుగు గంటలు ఎక్కడినుంచి వస్తయో ఆలోచించాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన రోగాల జాబితా ఐసీడీ-11లో చేర్చింది, అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో కూడా గంటల లెక్క లేదు. చూసేవి మూడు: ఎప్పుడు మొదలుపెట్టాలె, ఎప్పుడు ఆపాలె అన్నది చేతిలో లేకుండా పోవుడు, మిగతా పనులన్నిటికన్నా గేమ్ ముందుకు వచ్చుడు, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆడుడు ఆపకపోవుడు. ఇట్ల మామూలుగా 12 నెలలు సాగాలె, దానివల్ల ఇల్లో, కొలువో, చదువో గట్టిగా దెబ్బతినాలె. కాబట్టి పండుగ సెలవుల్లో నాలుగు రోజులు తెగ ఆడిన మనిషికి రోగమని పేరు పెట్టుడు తప్పు.

ఏ గేమ్ అన్నది కూడా నిర్ణయంలో సగం. కథ ఉండి, ముప్పై నలభై గంటల్లో అయిపోయే గేమ్‌ను పెద్దోళ్లు ఇడిసిపెట్టాల్సిన పనే లేదు, అదే ఒకనాడు అయిపోతది. చదరంగం, ఇంట్లో నలుగురు కూసుని ఆడే లూడో కూడా అంతే. అసలు పేచీ ముగింపు లేని గేమ్స్‌తోనే: ర్యాంకు, సీజన్, రోజువారీ మిషన్లు, రాయల్ పాస్ (పైసలు కట్టి కొనే సీజన్ పాస్) ఉన్నవి. అవి రోజూ రాకుంటే నష్టపోయేటట్టు కట్టినవి. వీటిని కొంచెం కొంచెంగా ఆడుడు కష్టం, ఎందుకంటే కొంచెం ఆడినోని ర్యాంకు పడిపోతది, పాస్‌కు కట్టిన పైసలు వసూలు కావు. రెండు వారాల లెక్కలో ఎక్కువ భాగం ఇసొంటి ఒక్క గేమ్‌దే అయితే అన్ని గేమ్స్ మీద ఒట్టు పెట్టుకోవద్దు. ఆ ఒక్కదాన్ని తీసేస్తే సరిపోతది. అన్నిటినీ ఒకేసారి బందు పెట్టినోళ్లు అన్నిటికీ ఒకేసారి తిరిగిపోతరు.

ఇగ యాప్ టైమర్ సంగతి. డ్యాష్‌బోర్డ్‌లో గేమ్ పక్కనున్న గడియారం గుర్తు నొక్కి నిమిషాలు పెడితే, ఆ సమయం అయిపోగానే గేమ్ ఆగి, దాని ఐకాన్ బూడిద రంగుకు మారుతది. ఇంతవరకు బాగనే ఉంది. మొదటి లోపం, ఈ లెక్క అర్ధరాత్రి 12కు మళ్లీ సున్నా నుంచి మొదలైతది. రాత్రి పదింటికి షిఫ్టు దిగి, అన్నం తిని 11కు ఫోన్ పట్టిన మనిషికి 60 నిమిషాల టైమర్ పెడితే 12 దాకా ఒక గంట, 12 దాటగానే ఇంకో గంట. ఒకే కూర్చోవడంలో రెండు గంటలు ఆడినా టైమర్ దృష్టిలో హద్దు దాటలేదు. బీ షిఫ్టు చేసేటోళ్లకు టైమర్ పనిచేయట్లేదని అనిపించేది దీనివల్లనే. దీనికి మందు అదే యాప్‌లో ఉంది. ఫోకస్ మోడ్‌లోకి పోయి గేమ్స్‌ను ఎంచుకుని, రాత్రి 12 నుంచి పొద్దున 6 వరకు షెడ్యూల్ పెట్టాలె. అప్పుడు 12 దాటినంక టైమర్ కొత్త గంట ఇచ్చినా గేమ్ తెరుచుకోదు. రాత్రి షిఫ్టుకు పోయేటోళ్ల లెక్క ఇంకో తీరు. వాళ్ల ఒక్క రాత్రి డ్యాష్‌బోర్డ్‌లో రెండు రోజులుగా చీలుతది, రెండింటినీ కూడి చూడాలె.

రెండో లోపం మనం పెట్టే నిమిషాల్లోనే ఉంటది. గుండ్రంగా 30 అని పెడతరు. బీజీఎంఐలో ఎరంగెల్ అనే మ్యాప్ మీద క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా నిలబడితే అరగంట దాకా పోతది, లాబీ, లోడింగ్ అదనం. సరిగ్గా చివరి వలయంలో గేమ్ ఆగిపోతే ర్యాంకు పాయింట్లు పోతయి, జట్టులో ముగ్గురు తిడతరు, కోపంలో మనిషి చేసే మొదటి పని టైమర్ తీసేసుడు. టైమర్ ఎప్పుడూ మ్యాచ్ లెక్కన పెట్టాలె: బీజీఎంఐకి ఒక మ్యాచ్ అంటే 40 నిమిషాలు, రెండు అంటే 75. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో మ్యాచ్ దాదాపు 10 నిమిషాలదే కాబట్టి 30 పెడితే రెండు నిమ్మళంగా అయితయి. చివరి మ్యాచ్ మొదలుపెట్టే ముందు ఎన్ని నిమిషాలు మిగిలినయో డ్యాష్‌బోర్డ్‌లో చూసుకోవాలె. సమయం అయిపోవస్తుంటే అది హెచ్చరిస్తది గానీ, మ్యాచ్ నడుమ వచ్చిన హెచ్చరికతో చేయగలిగింది ఏం లేదు.

మూడోది అసలైన లోపం. టైమర్ పెట్టినోడే తీసేయగలడు. ఆగిన గేమ్ మీద నొక్కి, సెట్టింగ్స్‌కు పోయి, టైమర్‌ను పెంచుడో తీసేసుడో నిమిషంలో పని. పాస్‌వర్డ్ అడగదు, రేపటిదాకా ఆగమనదు. ఫోకస్ మోడ్‌లో కూడా కాసేపు విరామం తీసుకునే మీట ఉంది: 5, 15, 30 నిమిషాలు. పెద్దమనిషి మీద జబర్దస్తీ చేయొద్దని ఇట్ల కట్టి ఉండొచ్చు, అది తప్పనలేం. కానీ ఆపుకోలేని మనిషికి ఇది అడ్డం కాదు. ఈ లోపాన్నే లెక్కగా వాడుకోవచ్చు. మూడో వారం మ్యాచ్ లెక్కన న్యాయమైన టైమర్ పెట్టి, దాన్ని ఎన్నిసార్లు తీసేసిండ్రో ఒక కాగితం మీద గీతలు గీయండి. వారంలో ఒకటి రెండు గీతలుంటే ఆ మనిషికి గేమ్ బందు పెట్టాల్సిన అవసరం లేదు, టైమర్ చాలు. రోజూ గీత పడితే తగ్గించుడు కుదిరే పని కాదని తేలినట్టే, ఆ గేమ్‌ను తీసేయాలె.

ఆదివారానికి ఒక లెక్క, పనిరోజుకు ఒక లెక్క టైమర్‌లో పెట్టలేం. ఫోకస్ మోడ్ షెడ్యూల్‌లో మాత్రం వారంలో ఏ రోజులన్నది ఎంచుకోవచ్చు. బెడ్‌టైమ్ మోడ్‌ను తక్కువ అంచనా వేయొద్దు. అది గేమ్‌ను ఆపదు, స్క్రీన్‌ను నలుపు తెలుపు చేస్తది. నలుపు తెలుపులో మ్యాప్ రంగులు, దొరికిన సామాన్ల రంగులు తేడా తెలువవు, ఆడాలనే ఉషారు సగం అక్కడే పడిపోతది.

ఐఫోన్ వాడేటోళ్ల చేతిలో ఇంతకన్నా గట్టి పనిముట్టు ఉంది. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్, అందులో యాప్ లిమిట్స్. ఒక్క గేమ్‌ను కాకుండా గేమ్స్ అనే వర్గం మొత్తాన్ని ఎంచుకుంటే రేపు కొత్తగా వేసుకునే గేమ్ కూడా హద్దులోకే వస్తది. రోజుకో లెక్క పెట్టే వీలు కూడా ఉంది. కానీ పాస్‌కోడ్ లేకుండా పెడితే ఇది కూడా ఉత్తదే, ఇగ్నోర్ లిమిట్ నొక్కి ఆ రోజంతా ఆడుకోవచ్చు. అందుకే స్క్రీన్ టైమ్‌కు నాలుగంకెల పాస్‌కోడ్ పెట్టించి, బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్ ఆన్ చేసి, ఆ అంకెలు ఇంట్లో ఆమెనో, అన్ననో కొట్టాలె. కోడ్ మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి యాపిల్ అకౌంట్ అడుగుతది. అక్కడ ఆడే మనిషి అకౌంటే ఇస్తే తాళంచెవి మళ్లీ ఆయన చేతికే ఇచ్చినట్టు.

చానా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇట్ల రెండో మనిషి చేతికి ఇచ్చే ఏర్పాటు డిజిటల్ వెల్‌బీయింగ్‌లో లేదు. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ పిల్లల కోసం చేసింది. చాలా కంపెనీల ఫోన్లలో యాప్ లాక్ వేరేగా ఉంటది, దాన్ని వాడుకోవాలె. గేమ్‌కు, ప్లే స్టోర్‌కు రెండింటికీ లాక్ వేసి, ప్యాటర్న్ ఇంట్లోవాళ్లు పెట్టాలె, వేలిముద్రతో తెరుచుకునే మీటను ఆపేయాలె. ప్లే స్టోర్‌ను మరిచిపోతే గేమ్ తీసేసి మళ్లీ వేసుకునే దారి తెరిచే ఉంటది. ఇది ఒప్పుకుని చేసే ఏర్పాటైతేనే నిలుస్తది. "ఇగ ఫోన్ పక్కన పెట్టుండ్రి" అని ఆమె రోజూ అనాల్సి వస్తే అది గేమ్ మీద కొట్లాట నుంచి ఇద్దరి నడుమ కొట్లాటకు పోతది.

పైసల లెక్క ఈ యాప్ చెప్పదు. ప్లే స్టోర్‌లో పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో బడ్జెట్ అండ్ హిస్టరీ తెరిస్తే కొన్నవన్నీ తారీఖులతో కనిపిస్తయి. వేరే వెబ్‌సైట్ల ద్వారా కొన్న యూసీ, డైమండ్స్ (గేమ్‌లో చెల్లే నాణేలు) ఇందులో రావు, వాటికి యూపీఐ యాప్ హిస్టరీ తిరగేయాలె. అక్కడే నెలకు బడ్జెట్ పెట్టే వీలుంది గానీ, అది హద్దు దాటుతున్నరని చెప్తదే తప్ప కొనకుండా ఆపదు. ఆపాలంటే కొనే ప్రతిసారి ధ్రువీకరణ అడిగేటట్టు సెట్టింగ్ మార్చి, సేవ్ అయి ఉన్న కార్డును, యూపీఐ ఐడీని తీసేయాలె. గేమ్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఆగదు. సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి క్యాన్సిల్ కొట్టాలె, యూపీఐ యాప్‌లో ఆటోపే ఉంటే అది కూడా రద్దు చేయాలె.

పైసలు పెట్టి ఆడే రమ్మీ లాంటివి టైమర్‌తో తగ్గించుకునే సంగతే కాదు. తెలంగాణలో 2017లోనే చట్టం మార్చి వాటిని బందు పెట్టిండ్రు, దేశమంతటికీ 2025 ఆగస్టులో చట్టం వచ్చింది. ఇప్పటికీ ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే ఏపీకే ఫైల్ పంపి ఆడుమనేటోళ్ల యాప్‌లు వేస్తే పోయిన పైసలకు అడిగే దిక్కు ఉండదు.

మూడో వారం గీతలు చూసి ఇడిసిపెట్టాలని తేలితే దానికీ ఒక వరుస ఉంది. సీజన్ నడుమ ఆపొద్దు, పాస్ సగంలో ఉంటే మనసు అటే గుంజుతది. సీజన్ అయిపోయిన రోజు, కొత్త పాస్ కొనకముందే ఆపాలె. అంతకు ముందురోజే జట్టులోని సోపతిగాళ్లకు చెప్పాలె, లేకుంటే మొదటి రాత్రే పిలుపు వస్తది. తర్వాత సబ్‌స్క్రిప్షన్ రద్దు, ఆ గేమ్‌కు సంబంధించిన వాట్సాప్, డిస్కార్డ్ గ్రూపుల నుంచి బయటికి వచ్చుడు, చివరికి గేమ్ తీసేసుడు. గేమ్ తీసేసినా అకౌంట్ సర్వర్‌లో అట్లనే ఉంటది, ఎప్పుడు లాగిన్ అయినా ర్యాంకు, స్కిన్లు (ఆటలోని వేషాలు, అలంకారాలు) కనిపిస్తయి. కొందరికి అదే ధైర్యం, కొందరికి అదే ఆశ. గీతలు రోజుకు రెండు మూడు పడినోళ్లు గేమ్ సెట్టింగ్స్‌లో అకౌంట్ డిలీట్ కూడా చేసుకోవాలె.

ఇడిసిపెట్టి తమ ప్లేస్టేషన్ 5 అమ్మేద్దామనుకునేటోళ్లు తొందరపడొద్దు. పీఎస్5 గేమ్స్ సేవ్‌లు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లోకి రావు. ప్లేస్టేషన్ ప్లస్ (పైసలు కట్టే సభ్యత్వం) ఉంటే క్లౌడ్‌లోకి ఎక్కించాలె, లేదంటే ఇంకో పీఎస్5కు పంపాలె. తర్వాత కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే ఆపి, సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ సాఫ్ట్‌వేర్, రీసెట్ ఆప్షన్స్ వరుసలో పోయి రీసెట్ యువర్ కన్సోల్ కొట్టాలె. డిస్క్‌లకు ధర వస్తది, స్టోర్‌లో కొన్న డిజిటల్ గేమ్స్ అకౌంట్‌తోనే ఉంటయి, వాటికి రూపాయి రాదు.

ఇవన్నీ చేసినా మళ్లీ మళ్లీ వేసుకుంటున్నరంటే, నిద్ర, కొలువు దెబ్బతింటున్నయంటే, అది యాప్‌ల పని కాదు. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఇరవైనాలుగు గంటలు పనిచేస్తది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసలు ఉండవు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోవచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో అయితే 2014 నుంచి ఫోన్, గేమ్ అలవాట్ల కోసమే షట్ క్లినిక్ ఉంది. పోయేటప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో గంటలవారీ గీతల స్క్రీన్‌షాట్లు రెండు వారాలవి, టైమర్ తీసేసిన గీతల కాగితం, ప్లే స్టోర్ ఖర్చు లెక్క తీసుకపోండి. డాక్టరు మొదట అడిగేది నిద్ర గురించే కాబట్టి ఏ రాత్రి ఎన్నింటికి పండుకున్నరో అదే కాగితం మీద పక్కన రాసి పెట్టుకోండి.